మొదటి రోజు సగమే తొక్కాలి

సైకిల్ మీద దూరదేశం పోతానని ఎవరైనా కుర్రాడు ప్రకటిస్తే మన ఊళ్లలో జరిగే సాగనంపుకు ఒక పద్ధతుంది. ముహూర్తం తెల్లవారుజామున ఉండదు, నాయకుడికి వీలైనప్పుడు ఉంటుంది. తొమ్మిదింటికి అనుకున్నది పదిన్నరకు మొదలవుతుంది. చౌరస్తాలో ఫ్లెక్సీ, మెడలో దండ, భుజాన శాలువా, జెండా ఊపడం, ఫొటో సరిగా రాలేదని ఇంకోసారి ఊపడం. దండ తీసి క్యారియర్‌కు కట్టి, తాళ్లు బిగించుకుని పెడల్ మీద కాలు పెట్టేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. ఇంతమంది చూస్తుండగా బయలుదేరినవాడు సాయంత్రానికి ముప్పై కిలోమీటర్లు తొక్కానని చెప్పుకోగలడా? నూట ఇరవై అయినా చెప్పాలి. హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వచ్చేవాడైతే మొదటి రాత్రికి సూర్యాపేట చేరి తీరాలని పట్టుబడతాడు. అంటే దాదాపు 135 కిలోమీటర్లు. చేరతాడు కూడా. మర్నాడు లాడ్జి మెట్లు దిగలేడు.

ఒంటరిగా, తక్కువ డబ్బుతో చేసే విదేశీ సైకిల్ యాత్ర చెడిపోయే అవకాశం అన్నింటికన్నా ఎక్కువగా ఉండేది మొదటి రోజునే. నిద్ర చాలదు, సైకిల్ అప్పుడే విప్పి బిగించినది, రోడ్డు కొత్తది, భాష రాదు, పక్కన మనిషి లేడు. అందుకే ఇంటి దగ్గర ఎంత తొక్కగలరో, పరాయి దేశంలో మొదటి రోజు అందులో సగమే తొక్కాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కుర్రకారుకు ఆ సగం ఎంతో తేల్చుకునే దారులు గుమ్మం ముందే ఉన్నాయి. ఆ దారులు సైకిలుకు ఎంత చోటిస్తున్నాయన్నది ఇంకో గొడవ. దాని సంగతీ మాట్లాడుకోవాల్సిందే.

ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరారు. సుప్రీంకోర్టులో దుబాసీగా చేసిన పెద్దమనిషి. వెంట పల్లకీ, బోయీలు, పరివారం. దేనికీ లోటు లేదు. అయినా మండు వేసవిలో ఆయన ఊరు దాటింది రాత్రి పూట, మొదటి మజిలీ పట్నం పొలిమేరలోని మాధవరం. మర్చిపోయిన సామాను ఉంటే మనిషిని పంపి తెప్పించుకునేంత దూరం. ఎవరి కాలు నొప్పి, ఏ మూట బరువు, ఏ తాడు వదులు అన్నవన్నీ మొదటి మజిలీలోనే తేలిపోతాయి. ఆ తర్వాత పదిహేను నెలలు దాటి సాగిన యాత్ర 1831 సెప్టెంబరు 3న ముగిసింది. ఆ యాత్ర గురించి ఆయన రాసి, తెలుగులో యాత్రాచరిత్రకు పునాది వేసిన పుస్తకాన్ని కాశీ కోసం, హైదరాబాద్ వర్ణన కోసం చదివేవారు చాలామంది. ఈ తొలి మజిలీ కోసం చదివేవారు తక్కువ.

వీరాస్వామికి డబ్బుంది, ఆయన సంగతి వేరు అనేవాళ్లు పక్క రాష్ట్రం ఒడిశా వైపు చూడొచ్చు. చిత్రకారుడు ప్రద్యుమ్న కుమార్ మహానందియా స్వీడన్‌లో ఉన్న తన ప్రియురాలు చార్లెట్‌ను కలుసుకోవడానికి 1977 జనవరి 22న ఢిల్లీ నుంచి సైకిలెక్కారు. ఉన్నదంతా అమ్ముకుంటే వచ్చిన సొమ్ములో అరవై రూపాయలు పెట్టి కొన్న పాత ఆడవాళ్ల సైకిల్ అది. అఫ్గానిస్థాన్, ఇరాన్, టర్కీ మీదుగా సాగి, చివర్లో కొంత దూరం రైలెక్కి మే నెలాఖరుకు స్వీడన్ చేరారు. దారిలో బొమ్మలు గీసి తిండి సంపాదించుకున్నారు. ఆ మనిషి రోజువారీ లెక్క దాదాపు 70 కిలోమీటర్లని తర్వాత చెప్పుకున్నారు. ప్రేమ కోసం ఖండాలు దాటినవాడే డెబ్బైతో సరిపెట్టుకున్నాడు.

రికార్డు కోసం తొక్కేవాళ్ల లెక్క వేరు. పుణె యువతి వేదాంగి కులకర్ణి 2018లో 159 రోజుల్లో దాదాపు 29,000 కిలోమీటర్లు తొక్కి భూగోళాన్ని చుట్టివచ్చింది. అది పోటీ సైకిల్, పోటీ శిక్షణ. అలాంటి యాత్రల వీడియోలు చూసి మొదటి రోజే రెండొందలు తొక్కబోయేవాళ్లు ఇంకో ఉదాహరణ కూడా చూడాలి. 1923 అక్టోబరు 15న బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు ప్రపంచయాత్రకు సైకిళ్లెక్కారు. 1928 మార్చిలో తిరిగొచ్చేటప్పటికి మిగిలింది ముగ్గురే: ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా. వ్యాయామశాల కుర్రాళ్లే, కండబలం కొరవ లేదు. అయినా సగం మంది మధ్యలోనే ఆగిపోయారు. ఒంటరిగా పోయేవాడి దగ్గర ఆ సగం లెక్క కూడా పనికిరాదు, ఉన్నది ఒక్కడే.

ఇక డబ్బు. మిర్యాలగూడలో పొలం తనఖా పెట్టి కొడుకును అమెరికా ఎమ్మెస్‌కు పంపిన తండ్రిని వీధంతా మెచ్చుకుంటుంది. అదే కొడుకు లక్ష రూపాయల లోపు ఖర్చుతో నెల రోజులు శ్రీలంకలో సైకిల్ తొక్కొస్తానంటే, పనీపాటా లేదా అంటుంది. సైకిలంటే లేనివాడి బండి అనే చిన్నచూపు మనకు గట్టిగా పాతుకుపోయింది. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లిన పుచ్చలపల్లి సుందరయ్యను ఇప్పటికీ గొప్పగా తలుచుకునే నేల ఇది. తలుచుకునేది సభల్లోనే, ఇంటి ముందు నిలబెట్టుకునేది మాత్రం బుల్లెట్.

మొదటి రోజు సగం ఎంతో తేల్చుకునే రిహార్సల్‌కు మిర్యాలగూడ నుంచి కోదాడ దారిని మించింది లేదు. నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా అరవై కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. 167వ నంబరు జాతీయ రహదారి పేరేగానీ చాలాచోట్ల ఊరి రోడ్డు లాగే ఉంటుంది. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండే వరి ఇరుపక్కలా. పెద్ద గుట్టలు లేవు, ఊళ్లు దగ్గరదగ్గర, టీ హోటళ్లకు కొదవ లేదు. విదేశంలో కట్టుకోబోయే బరువంతా, బట్టలు, పనిముట్లు, నీళ్లు సహా, క్యారియర్ మీద కట్టి ఈ దారి తొక్కితే రెండు గంటల్లో నిజం బయటపడుతుంది.

మొదట తెలిసేది బరువు సంగతి. ఖాళీ సైకిల్ ఒక బండి, పదిహేను కిలోలు ఎక్కించిన సైకిల్ ఇంకో బండి. దిగి నిలబెడితే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. లేచి తొక్కితే వెనక భాగం పాములా అటూ ఇటూ ఊగుతుంది. కొత్తగా కొన్న తాళ్లు పది కిలోమీటర్లకే వదులవుతాయి. పంక్చర్ షాపాయన ఊరికే ఇచ్చే పాత ట్యూబు ముక్కలు మాత్రం సాగి బిగుసుకుని కూర్చుంటాయి, పాలడబ్బాలు కట్టేవాళ్లకు తెలిసిన కిటుకు ఇది. మూటలో సగం అనవసరమైనవని కూడా నేరేడుచర్ల చేరేలోపే తెలుస్తుంది. ఆ సగం తీసి పక్కన పెట్టడానికి ఇల్లు ఇంకా దగ్గర్లోనే ఉంది.

కోతల కాలంలో అయితే ఈ దారి పాఠం ఇంకా చిక్కగా ఉంటుంది. రోడ్డులో ఒక పక్క సగానికి వడ్లు ఆరబోసి ఉంటాయి. కుప్ప చుట్టూ బండరాళ్లు, రాత్రయితే కప్పడానికి మడతపెట్టిన పట్టా, చివర ఒక ఎండుకొమ్మ. ఆ రాళ్లను తప్పించుకోవడానికి సైకిల్ నడిమికి రావాలి. వెనక నుంచి మిర్యాలగూడ మిల్లులకు ధాన్యం మోసే ట్రాక్టరు వస్తుంటుంది, ట్రాలీ నిండి బస్తాలు పక్కలకు పొర్లుతుంటాయి. పగటి పూటే ఇది ప్రాణం మీదికొచ్చే వ్యవహారం, రాత్రి ఆ రాళ్లు బైకు లైటుకు కూడా కనిపించవు. రైతును తిట్టి లాభం లేదు, కల్లాల చోటు ప్లాట్లయిపోయింది, కొనుగోలు కేంద్రంలో తేమ శాతం అడుగుతారు. సైకిలిస్టు నేర్చుకోవాల్సింది ఒకటే: ముందు కనిపించే అడ్డును చూసి తప్పుకునే ముందు, వెనక వచ్చేదాన్ని చూడటం. హ్యాండిల్ కదలకుండా భుజం మీదుగా వెనక్కి చూడటం ఒక విద్య. బరువున్న బండి మీద అది ఇంకా కష్టం. పరాయి దేశంలో మొదటి గంటలో అన్నింటికన్నా ముందు అక్కరకొచ్చేది అదే.

పంక్చర్ల సంగతికొస్తే సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు ఈ ప్రాంతంలో ఎవరినీ నిరాశపరచవు. షాపుకు తోసుకుపోకుండా రోడ్డు పక్కనే టైరు విప్పి, సీసాలో నీళ్లు ట్యూబు మీద పోసి బుడగ ఎక్కడ లేస్తుందో చూసుకుని, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, అది తడారేదాకా ఆగి, ప్యాచ్ వేయడం చేతికి రావాలి. తడారేదాకా ఆగడమే అందరికీ చేతకాని పని. ఇంకో చిన్న చిక్కుంది. మన మామూలు సైకిలు వాల్వు వేరు, గేరు సైకిలు వాల్వు వేరు. ఒకదానికి పట్టే పంపు ఇంకోదానికి పట్టదు. ఇది హుజూర్‌నగర్‌లో తెలిస్తే నవ్వుకోవచ్చు. తెలియని ఊళ్లో సాయంత్రం ఆరింటికి తెలిస్తే నవ్వు రాదు.

దారిలో అడిగే ప్రశ్నలకూ ఇదే సాధన. "ఎటు పోతున్నవ్ బిడ్డా, గీ ఎండల?" అని టీ హోటల్ దగ్గర పెద్దమ్మ అడుగుతుంది. జవాబు చెప్పాక రెండో ప్రశ్న వస్తుంది: "ఒక్కనివేనా?" కోదాడ లాడ్జిలోనూ అదే ప్రశ్న, గొంతు మాత్రం వేరు. ఆధార్ ఇచ్చినా అటూఇటూ తిప్పి చూస్తారు. ఒంటరిగా వచ్చిన మనిషంటే మన లాడ్జిల్లో ఇంకా అనుమానమే. అదే ఆడపిల్లయితే గది ఖాళీ లేదని చెప్పడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించని చోట్లున్నాయి. సైకిల్‌ను గదిలోకి తెచ్చుకోనిస్తారా, మెట్ల కింద పెట్టి తాళం వేసుకోమంటారా అన్నది ముందే అడిగి తేల్చుకోవడం ఇక్కడే అలవాటవుతుంది.

మర్నాడు కోదాడ నుంచి సూర్యాపేట. నలభై అయిదు కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, దారి పొడవునా ఎన్‌హెచ్ 65. ఇదే రోడ్డు మీద మునగాల వస్తుంది. ఆ సంస్థానంలో దివానుగా పనిచేస్తూనే కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి తెలుగువాళ్లకు లోకజ్ఞానాన్ని పుస్తకాలుగా అందించారు. నీడలో కాసేపు ఆగడానికి ఆ పేరు చాలు. ఆ తర్వాత మళ్లీ లారీలే. మల్కాపురం నుంచి నందిగామ దాకా 181 కిలోమీటర్లు నాలుగు వరుసలుగా వేసిన ఈ రోడ్డు కార్లకు, బస్సులకు బాగానే ఉంది. సైకిలుకు మిగిలేది తెల్లగీతకు అవతలి అంచు. ఆ అంచు మీదే పగిలిన గాజు, టైరు తునకలు, ఆగిన లారీలు, ఎదురుదిక్కులో దర్జాగా వచ్చే బైకులు. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఆ లెక్కలో జాతీయ రహదారుల వాటా ఏటా పెద్దదే. కాబట్టి రిహార్సల్‌కు కూడా ఈ ముక్క తెల్లవారకముందు వద్దు, చీకటి పడ్డాక అసలే వద్దు. వెనక ఎర్రలైటు లేకపోతే పగలు కూడా వద్దు.

వేసవిలో ఉమ్మడి నల్లగొండలో 45 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. పది దాటాక తొక్కకూడదని ఇక్కడి రైతు కూలీకి తెలిసినంత బాగా ఏ సైక్లింగ్ కోచ్‌కూ తెలియదు. నీళ్ల విషయంలోనూ ఈ ప్రాంతానికి పాత గాయముంది. ఫ్లోరైడ్‌తో కాళ్లూ చేతులూ వంకర్లు పోయిన ఊళ్ల కోసం 1970లలో రూపొందిన నీటిశుద్ధి విధానాన్ని ప్రపంచం 'నల్లగొండ టెక్నిక్' అనే పిలుస్తుంది, ఇథియోపియా, టాంజానియా దాకా వెళ్లింది. ఇక్కడి నుంచి సైకిలిస్టు వెళ్లకముందే ఊరిపేరు సముద్రాలు దాటిపోయింది. ఏ ఊళ్లో ఏ నీళ్లు తాగొచ్చో అడిగి తెలుసుకుని సీసా నింపుకునే అలవాటు మాత్రం ఇక్కడివారికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న: మొదటి విదేశం ఏది? యూరప్ అని కలలు కనేవాళ్లకు షెంగెన్ వీసా రుసుమే 2024 జూన్ నుంచి 90 యూరోలు. దానికి బీమా, బ్యాంకు కాగితాలు, ఇంటర్వ్యూ తేదీ కోసం ఎదురుచూపులు తోడు. నేపాల్‌కు మనవాళ్లకు వీసా అక్కర్లేదుగానీ, అక్కడి కొండలు మిర్యాలగూడ మైదానంలో తొక్కిన కాళ్లను మొదటి రోజే పరీక్షిస్తాయి. వియత్నాం 2023 ఆగస్టు నుంచి 90 రోజుల ఇ-వీసా ఇస్తోంది, తిండీ బసా చౌక. కానీ అక్కడ బండ్లు కుడివైపున నడుస్తాయి. ఏళ్ల తరబడి ఎడమవైపు తొక్కిన బుద్ధి ఒక్క పూటలో మారదు. నేరుగా పోతున్నప్పుడు ఇబ్బంది లేదు. మలుపు తిరిగాకే, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే, మనిషి తనకు తెలియకుండా పాత వైపుకు జారిపోతాడు.

ఆ లెక్కన మొదటి యాత్రకు శ్రీలంకే సరి. మనలాగే ఎడమవైపు, హైదరాబాద్ నుంచి కొలంబోకు నేరుగా విమానం, ఆన్‌లైన్‌లో ముందుగా తీసుకునే ప్రయాణ అనుమతి. వీసా నిబంధనలూ రుసుములూ తరచూ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు అధికారిక సైటులోనే చూసుకోవాలి. ఇంకో చుట్టరికం కూడా ఉంది. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో బౌద్ధారామం వెలసిల్లిన ఇక్ష్వాకుల కాలంలోనే నాగార్జునకొండలో సింహళ విహారం ఉండేదని శాసనం చెబుతోంది. మూడో శతాబ్దంలో సింహళ భిక్షువులు సముద్రం దాటి కృష్ణాతీరానికి వచ్చారు. ఎదురు దిశలో సైకిల్ మీద వెళ్లడానికి ఇన్నేళ్లు పట్టడమే ఆలస్యం.

మొదటి రోజు నిజానికి ముందు రోజు ఇంట్లోనే మొదలవుతుంది, అట్టపెట్టెతో. కొత్త సైకిళ్లు వచ్చిన ఖాళీ పెట్టెలు సూర్యాపేట సైకిల్ షాపుల్లో అడిగితే ఇస్తారు, మహా అయితే టీ డబ్బులు తీసుకుంటారు. ముందు చక్రం విప్పాలి, హ్యాండిల్ తిప్పి ఫ్రేముకు ఆనించాలి, సీటు దించాలి, టైర్లలో గాలి తగ్గించాలి. పెడళ్ల దగ్గర చాలామంది ఓడిపోతారు. కుడి పెడల్ మామూలుగానే ఊడుతుంది, ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది. బలం కొద్దీ తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. స్పానర్‌ను పిడి పైకి ఉండేలా పెట్టి వెనక చక్రం వైపు లాగితే రెండూ వదులవుతాయి, అంతకు మించి సూత్రం లేదు. గేరు సైకిలయితే వెనక గేరు యంత్రాన్ని విప్పి గుడ్డలో చుట్టి ఫ్రేముకు కట్టాలి. లేకపోతే సామాన్లు ఎత్తేవాళ్ల చేతిలో అది వంగితే అక్కడ బాగుచేసేవాడు దొరకడం కష్టం. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, పెట్టెలో పెట్టనివ్వరు. వంటగ్యాస్ డబ్బా ఎందులోనూ పెట్టనివ్వరు. సైకిల్ పెట్టెకు ఎంత వసూలు చేస్తారో ఒక్కో విమాన సంస్థది ఒక్కో లెక్క. టికెట్ కొన్నాక కాదు, కొనకముందే అడగాలి. తక్కువ ఖర్చు యాత్రలో టికెట్ తర్వాత పెద్దపద్దు ఇదే.

ఇనుప సైకిల్ ఇరవై కిలోల దాకా తూగుతుంది, బరువు కోటా అంతా అదే తినేస్తుంది. అలాంటప్పుడు ఖాళీ చేతులతో వెళ్లి అక్కడే పాతది కొనుక్కోవడం కూడా తెలివే. శ్రీలంకలో లుమాలా అనే కంపెనీ సైకిళ్లు మన హీరో, అట్లాస్‌ల లాగే ఊరూరా తిరుగుతుంటాయి. 2022లో పెట్రోలు కోసం మైళ్ల కొద్దీ బారులు తీరినప్పుడు అక్కడ డాక్టర్లు, ఉద్యోగులు కూడా సైకిళ్లెక్కారు, షాపుల్లో ధరలు ఆకాశాన్నంటాయి. ఆ కష్టకాలం పోయింది. బాగుచేసే చేతులు మాత్రం మిగిలాయి.

విమానం దిగేది కొలంబోలో కాదు, కటునాయకేలో. ఆ ఒక్క సంగతి తెలియక కొత్తవాళ్లు ముప్పై కిలోమీటర్ల దూరంలోని రాజధాని రద్దీలోకి నేరుగా దూకుతారు. విమానాశ్రయం నుంచి ఉత్తరానికి నెగొంబో పది కిలోమీటర్లు. మొదటి రోజుకు అది చాలు. ఇది సగం కూడా కాదు, ఆరో వంతు అని మిర్యాలగూడ, కోదాడ లెక్క గుర్తున్నవాళ్లు అనొచ్చు. రాత్రి నిద్ర లేదు, ఇమిగ్రేషన్ వరుసలో నిలబడ్డారు, సిమ్ కార్డు, డబ్బు మార్పిడి అయ్యాయి, ఆ తర్వాత నేల మీద కూర్చుని సైకిల్ బిగించాలి. దానికే గంట పడుతుంది. మిగిలిన ఇరవై కిలోమీటర్లు సాయంత్రం బరువు దించేశాక, ఖాళీ సైకిల్ మీద ఊరు చూస్తూ తొక్కితే సగం లెక్క సరిపోతుంది.

బిగించాక వెంటనే రోడ్డెక్కకూడదు. బరువు కట్టకుండా పార్కింగ్ స్థలంలో రెండు చుట్లు తిరగాలి. ముందు బ్రేకు గట్టిగా పట్టి చూడాలి. హ్యాండిల్ ముందు చక్రానికి సూటిగా ఉందో లేదో, ఆ చక్రాన్ని కాళ్ల మధ్య బిగించి హ్యాండిల్ తిప్పి చూడాలి. చక్రాల నట్లు రెండోసారి బిగించాలి. అప్పుడు బరువు కట్టి మళ్లీ ఒక చుట్టు. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

నెగొంబో రోడ్డు మీద భయపడాల్సింది ప్రైవేటు బస్సులకు. స్టాపు కనిపిస్తే ఎడమకు కోసేస్తాయి, వెనకున్న సైకిల్ సంగతి వాటికి పట్టదు. మన సెవెన్‌సీటర్ ఆటోలతో పదేళ్లు గడిపినవాడికి ఈ పద్ధతి కొత్త కాదు, బస్సు పక్కన కాకుండా వెనకే ఉండిపోవడమే మందు. ఊళ్లోకి వచ్చాక డచ్చివాళ్ల కాలపు కాలువ గట్టు మీద హడావుడి తగ్గుతుంది. సముద్రం ఒడ్డున ఇసుక మీద వరసలు వరసలుగా ఎండబెట్టిన చేపలు, వాటి చుట్టూ కాకులు. వడ్లు ఆరబోసిన రోడ్డు నుంచి వచ్చినవాడికి ఆ కాపలా మనిషి ముఖంలోని ఓపిక తెలిసినదే. బస దొరికాక రెండు సీసాల నీళ్లు, ఒక ప్లేటు ఇడియాప్పం, దాని పక్కన కొబ్బరి సంబోల్. అక్కడి 'కడే' అనే చిన్న హోటళ్లలో తింటే సముద్రపు ఒడ్డు రెస్టారెంటు బిల్లులో మూడో వంతు కూడా కాదు. చీకటి ఆరున్నరకల్లా పడిపోతుంది, మనదగ్గరలా సంధ్య సాగదు. ఐదుకే బసలో ఉండేలా చూసుకోవాలి.

ఒంటరిగా ఉన్నవాడు ఫోనులో ముందుగా ఎక్కించుకోవాల్సిన నంబరు 1990. శ్రీలంకలో ఉచిత అంబులెన్సుకు అదే నంబరు, 'సువ సెరియ' దాని పేరు. 2016లో భారత ప్రభుత్వ సాయంతో మొదలైన ఈ సేవను అక్కడ నెలకొల్పింది మన సికింద్రాబాద్ జీవీకే ఈఎంఆర్ఐ వాళ్లే. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108గా పుట్టినదే నంబరు మార్చుకుని అక్కడికి వెళ్లింది. ఆ సంగతి తెలిస్తే ఇంట్లో అమ్మ కొంచెం తేలిగ్గా ఊపిరి పీలుస్తుంది.

ఆడపిల్లలకు ఇవన్నీ వర్తించవనేవాళ్లకు ఐర్లండ్ రచయిత్రి డెర్వ్లా మర్ఫీ పేరు చెప్పాలి. 1963 జనవరిలో ఫ్రాన్సులోని డంకర్క్ నుంచి ఒక్కతే సైకిలెక్కి అఫ్గానిస్థాన్, పాకిస్థాన్ మీదుగా ఢిల్లీ చేరింది. దారిలో చెడితే బాగుచేసేవాళ్లు ఉండరని సైకిలుకున్న గేర్లు ముందే పీకించేసిన మనిషి. అంత వెనక్కి వెళ్లనక్కర్లేదు కూడా. మధ్యప్రదేశ్ యువతి ఆశా మాలవీయ 2022 నవంబరులో భోపాల్ నుంచి ఒంటరిగా బయలుదేరి మన రాష్ట్రాల మీదుగా దేశమంతా తిరిగింది. కోదాడలోనో హుజూర్‌నగర్‌లోనో ఒంటరి అమ్మాయికి అడ్డుచెప్పకుండా గది ఇచ్చే లాడ్జిలు నాలుగు ఉన్నాయని తెలిస్తే, రిహార్సల్‌కు వచ్చే అమ్మాయిలు ఎందుకుండరు?

రోడ్ల గొడవ మిగిలింది. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు 2023 అక్టోబరు 1న మొదలైంది. బ్యాంకాక్ విమానాశ్రయం చుట్టూ ఉన్న 23.5 కిలోమీటర్ల ట్రాకు లాగే అదీ చూడముచ్చటైనదే, ఆదివారం కార్లలో సైకిళ్లు తెచ్చుకుని తొక్కి వెళ్తారు. పాల క్యాన్లు కట్టుకుని, బడి సంచి తగిలించుకుని రోజూ తొక్కక తప్పనివాళ్లు మాత్రం మునగాల దగ్గర తెల్లగీత అవతల ఉన్నారు. వాళ్లకు పైకప్పు అక్కర్లేదు, తారు వేసిన రెండు మీటర్ల అంచు కావాలి. సైకిల్ దారులు ఎలా వేయాలో చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమావళి, ఐఆర్‌సీ 11, 1962 నుంచే ఉంది. ఎన్‌హెచ్ 65ను ఆరు వరుసలకు పెంచే ప్రతిపాదన ఇప్పుడు నడుస్తోంది. నక్షాలు ఖరారు కాకముందే కోదాడ, సూర్యాపేటల మధ్య సర్వీసు రోడ్లు మధ్యలో తెగిపోకుండా, కల్వర్టుల దగ్గర అంచు కుంచించుకుపోకుండా, ఆగే లారీలకు వేరే చోటు ఉండేలా చూడమని జిల్లా నుంచి రాతపూర్వకంగా అడగాలి. కాంక్రీటు పడ్డాక అడిగితే ఒక్కో కల్వర్టుకూ మళ్లీ టెండరు కావాలి.